డబ్బు కట్టి మరీ విసిగిపోతున్న ఓటీటీ చందాదారుడు: మాట ఎక్కడ మారింది

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఇంట్లో ఐదు ఓటీటీ యాప్‌లకు చందా కడుతున్నా చూద్దామనుకున్న సినిమా వాటిలో దొరకడం లేదన్నది మొదటిది. డబ్బు కట్టిన యాప్‌లోనే ప్రకటనలు వస్తున్నాయన్నది రెండోది. ఇవన్నీ మానేసి మళ్లీ కేబుల్ పెట్టించమని మీ నాన్నగారు అంటున్నారని, ఆ మాట కాదనడానికి మీకు కారణం కనిపించడం లేదన్నది మూడోది. ఇది మీ ఇంటి సమస్యేనా, అందరిదీ ఇదే పరిస్థితా అని అడిగారు. అందరిదీ ఇదే పరిస్థితి. నేను 2001 నుంచి పదిహేనేళ్లు తెనాలిలో కేబుల్ వ్యాపారం చేశాను, తర్వాత ఆరేళ్లు హైదరాబాదులో ఒక ఓటీటీ సంస్థ చందాదారుల విభాగంలో పనిచేశాను, ఇప్పుడు ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే పనిలో ఉన్నాను. డబ్బు వసూలు చేసేవాళ్ల పక్కన కూర్చున్నాను, డబ్బు కట్టి విసిగిపోయినవాళ్ల ఇళ్లలో టీవీ ముందూ కూర్చున్నాను. ఈ రెండు అనుభవాల మీద ఆధారపడి నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

చాలామంది ఈ విసుగుకు కారణం ధర అంటారు. నేను ఆ మాటను పూర్తిగా ఒప్పుకోను. ధర ఎక్కువని తెలిస్తే మనవాళ్లు కొనకుండా ఊరుకుంటారే గాని కోపం తెచ్చుకోరు. ఒక మాట మీద డబ్బు తీసుకుని, గడువు తీరకముందే ఆ మాటను ఒక పక్షమే మార్చేసినప్పుడు కోపం వస్తుంది. గత నాలుగైదేళ్లలో ఓటీటీ రంగంలో జరిగినవాటిలో చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

ముందు నా కళ్లతో చూసిన ఒక్క సాయంత్రం గురించి చెప్పనివ్వండి. మొన్న వేసవిలో తెనాలిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమెకు డెబ్బై దాటాయి. బెంగళూరులో ఉన్న కొడుకు 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొనిచ్చి, నాలుగు యాప్‌లు వేసి, రిమోట్‌లో మైకు మీట నొక్కి సినిమా పేరు చెబితే చాలని నేర్పి వెళ్లాడు. ఆ రోజు ఆమె తన పెళ్లయిన కొత్తలో చూసిన ఒక పాత సినిమా పేరు చెప్పింది. తెర మీద పోస్టరు వచ్చింది. నొక్కితే, ఆ యాప్‌కు ఏడాది చందా కట్టి ఉన్నా సరే, ఈ సినిమాను విడిగా అద్దెకు తీసుకోవాలని వచ్చింది. రెండో యాప్‌లో అదే పేరుతో వేరే డబ్బింగ్ సినిమా ఉంది. మూడో యాప్ తెరవగానే మీ ప్లాన్ ఫోనుకే పరిమితం, టీవీలో చూడాలంటే ప్లాన్ మార్చుకోండని వచ్చింది. నాలుగోది మళ్లీ లాగిన్ అవ్వమంది, ఓటీపీ బెంగళూరుకు వెళ్లింది, కొడుకేమో మీటింగులో ఉండి ఫోను ఎత్తలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. చివరికి యూట్యూబులో ఆ సినిమా దొరికింది, ప్రకటనలతో చూసింది. ఆ ఇరవై నిమిషాల్లో ఏ యాప్ కూడా పాడవలేదు, నెట్ ఆగలేదు, ప్రతి యాప్ తన నియమం ప్రకారం తాను సరిగ్గానే పనిచేసింది. నన్ను బాధపెట్టింది మరొకటి: ఆమె యాప్‌లను ఏమీ అనలేదు, "నాకే చేతకావడం లేదురా" అంది. నాలుగు చోట్ల డబ్బు కట్టిన ఇంట్లో మనిషి తప్పు తనదే అనుకునేలా ఈ ఏర్పాటు తయారైందంటే అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో చూద్దాం. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో ప్రైమ్ వీడియో వచ్చింది, 2020 ఉగాదికి తెలుగు కోసమే ఆహా మొదలైంది. అప్పట్లో ఈ సేవలన్నీ ఒకే మాట చెప్పాయి: మీకు నచ్చినప్పుడు నచ్చింది చూడండి, ప్రకటనలు ఉండవు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయండి. కేబుల్‌తో విసిగిపోయి ఉన్నవాళ్లకు ఆ మాట ఎంతో నచ్చింది. ప్రైమ్ సభ్యత్వం మొదట్లో ఏడాదికి 499 రూపాయలు; ఇంటికి నెలకు నలభై రూపాయల చిల్లర. మా కేబుల్ వసూళ్లతో పోల్చుకుని అప్పట్లో నేను భయపడ్డాను కూడా. అయితే ఆ ధర వ్యాపారం నడిపే ధర కాదని, జనాన్ని చేర్చుకునే ధర అని నేను ఓటీటీ సంస్థలో చేరాకగాని నాకు అర్థం కాలేదు. మొదటి కొన్నేళ్లు ఎంత నష్టం వచ్చినా చందాదారుల సంఖ్య పెరగడమే లెక్క. ఆ తర్వాత పెట్టుబడి పెట్టినవాళ్లు సంఖ్యను వదిలి, ఒక్కో చందాదారుడి మీద నెలకు ఎంత వస్తోందని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్న మారిన రోజు నుంచే మీ ఇంట్లో టీవీ తీరు కూడా మారింది.

ధరల విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. అన్నీ పెరగలేదు. ప్రైమ్ 499 నుంచి 999కి, 2021 డిసెంబరులో 1,499కి చేరింది. అదే నెలలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించింది: 499 రూపాయల బేసిక్ ప్లాన్ 199 అయింది, 199 ఉన్న మొబైల్ ప్లాన్ 149 అయింది. అమెరికాలో ఉన్న మన బంధువుల పరిస్థితి వేరు; అక్కడ 2011లో నెలకు 7.99 డాలర్లు ఉన్న నెట్‌ఫ్లిక్స్ చందా, 2025 జనవరి నాటికి ప్రకటనలు లేని స్టాండర్డ్ ప్లాన్‌కు 17.99 డాలర్లయింది. ధర తగ్గిన చోటా, పెరిగిన చోటా విసుగు మాత్రం పెరుగుతూనే ఉంది కనుకనే కారణాన్ని మరోచోట వెతకాలంటున్నాను.

మన దేశంలో అందరికీ అనుభవమైన ఉదాహరణ ఐపీఎల్. 2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల డిజిటల్ హక్కులను, జియోసినిమా యాప్‌ను నడిపిన వయాకామ్18 సంస్థ సుమారు 23,758 కోట్ల రూపాయలకు కొన్నది. అంత సొమ్ము పెట్టి కొన్న ఆటను 2023లోనూ 2024లోనూ జియోసినిమాలో అందరికీ ఉచితంగా చూపించారు. పల్లెల్లో సెలూన్లలో, టీ కొట్లలో, ఆటో స్టాండుల్లో ఫోను నిలబెట్టుకుని మ్యాచ్ చూడటం ఆ రెండేళ్లలో అలవాటైపోయింది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి, ఆ సీజన్‌కు కొద్ది నిమిషాల ఉచితం తర్వాత చందా అడగడం మొదలైంది. లేదా జియో సిమ్‌కు 299 రూపాయలు, అంతకు పైబడిన రీఛార్జ్ చేసుకుంటే తొంభై రోజుల పాటు చూడనిచ్చారు. వ్యాపారపరంగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వేల కోట్లు పెట్టి కొన్నది ఎల్లకాలం ఊరికే ఇవ్వరు. కాని చూసేవాడి వైపు నుంచి ఆలోచించండి. రెండేళ్ల పాటు వస్తువు విలువ సున్నా అని నేర్పించి, మూడో ఏడు దానికి ధర అడిగితే, ఆ ధర 149 రూపాయలైనా దోపిడీలాగే అనిపిస్తుంది. ఈ రంగంలో ధర మీద నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసింది పెంపుదల కాదు, ఆ ఉచితమే అని నా అభిప్రాయం.

ఇక మీరడిగిన ప్రకటనల సంగతి. అమెరికాలో ప్రైమ్ వీడియో 2024 జనవరి 29 నుంచి సినిమాల మధ్య ప్రకటనలు వేయడం మొదలుపెట్టి, అవి వద్దనుకుంటే నెలకు మరో 2.99 డాలర్లు కట్టమంది. మన దేశంలో 2025 జూన్ 17 నుంచి అదే పద్ధతి వచ్చింది. ప్రకటనలు వద్దంటే అదనంగా నెలకు 129 గాని, ఏడాదికి 699 గాని కట్టాలంది. ఇక్కడ గమనించవలసింది తేదీ. మార్చిలో ఏడాదికి 1,499 కట్టినవాడి గడువు మరుసటి మార్చి దాకా ఉంటుంది, అతనికి జూన్ నుంచే ప్రకటనలు మొదలయ్యాయి. షరతులు మార్చే హక్కు తమకు ఉందని సంస్థలు నియమాల పత్రంలో ముందే రాసుకుంటాయి కనుక చట్టం దృష్టిలో అది చెల్లవచ్చు. కాని కిరాణా కొట్టులో బస్తా బియ్యానికి డబ్బు తీసుకుని, సగం బస్తా ఇచ్చాక, మిగతా సగం రాళ్లేరి ఇవ్వాలంటే ఇంకొంత కట్టాలని ఎవరన్నా అంటే మనం ఒప్పుకుంటామా? కొత్తగా చేరేవాళ్లకూ, గడువు తీరి మళ్లీ కట్టేవాళ్లకూ ఆ నియమం పెట్టి, పాతవాళ్ల గడువు తీరేదాకా ఆగి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రకటనల ఆదాయం ఎందుకు కావలసివచ్చిందన్నది కష్టమైన ప్రశ్నేమీ కాదు. మన దేశంలో చందా మీద మనిషికి వచ్చే సొమ్ము తక్కువ, సినిమా హక్కుల ధర మాత్రం తారల పేరును బట్టి ఎక్కువ, ఆ తేడాను ప్రకటనలతో పూడ్చాలన్నది వాళ్ల లెక్క. దానికి తోడు, మన సినిమాకు విశ్రాంతి ఉంటుంది, టీవీలో వచ్చే విరామాలకు కూడా మనం అలవాటు పడ్డాం. కాని ఓటీటీలో ప్రకటన చాలాసార్లు సన్నివేశం మధ్యలో, మాట సగంలో ఉండగా పడుతుంది. ఏడుపు సన్నివేశం మధ్యలో సబ్బు ప్రకటన వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు చూస్తే ఆ విసుగు ఎలాంటిదో తెలుస్తుంది.

ఐదు యాప్‌లున్నా కావలసిన సినిమా లేకపోవడానికి మూలం హక్కులు అమ్మే పద్ధతిలో ఉంది. ఒక తెలుగు సినిమాకు థియేటర్ హక్కులు వేరు, టీవీ చానల్‌కు ఇచ్చే శాటిలైట్ హక్కులు వేరు, డిజిటల్ హక్కులు వేరు. ఆ డిజిటల్ హక్కులు కూడా భాషల వారీగా, దేశాల వారీగా, కొన్నేళ్ల గడువుతో విడివిడిగా అమ్ముడవుతాయి. ఆర్‌ఆర్‌ఆర్ సినిమా 2022 మే 20న ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో వచ్చాయి, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2024 ఆగస్టులో కల్కి 2898 ఏడీ దక్షిణాది భాషల్లో ప్రైమ్ వీడియోలో, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నిర్మాతకు ఇది లాభమే, రెండు చోట్ల వేలం జరిగితే రెండు ధరలు వస్తాయి. చూసేవాడికి మాత్రం ఒకే సినిమా రెండు కొట్లలో సగం సగం అమ్మినట్టుంటుంది. హైదరాబాదులో హిందీ మాట్లాడే అల్లుడో కోడలో ఉన్న ఇళ్లలో, ఇంట్లో అందరూ కలిసి ఒకే సినిమా చూడాలంటే ఎవరి భాష యాప్‌కు డబ్బు కట్టాలన్న తగువు నేను స్వయంగా చూశాను. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది: ఇక్కడ చందా కట్టిన యాప్‌ను అక్కడ తెరిస్తే జాబితా మారిపోతుంది, ఎందుకంటే ఆ దేశానికి హక్కులు మరొకరు కొని ఉంటారు.

గడువు తీరితే సినిమా ఒక యాప్ నుంచి మరో యాప్‌కు వెళ్లిపోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే. 2023 మార్చి 31 తర్వాత అమెరికన్ చానల్ హెచ్‌బీవో సీరియళ్లన్నీ డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ నుంచి తొలగిపోయి, కొద్ది వారాలకు జియోసినిమాకు వెళ్లాయి. వాటి కోసమే ఏడాది చందా కట్టినవాళ్లు ఫోన్లు చేసి అడుగుతుంటే, ఏ సంస్థ ఉద్యోగి అయినా చెప్పగలిగింది ఒక్కటే, జాబితా మారవచ్చని నియమాల్లో ఉందని.

ఇదే సందర్భంలో సినిమా ఎప్పుడు వస్తుందన్న విషయం కూడా చెప్పాలి. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించుకుని, థియేటర్‌లో విడుదలైన ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలని తీర్మానించారు. ఆచరణలో చాలా సినిమాలు నాలుగు వారాలకే వస్తున్నాయి, కొన్ని అంతకన్నా ఆలస్యంగా వస్తాయి, కొన్ని ముందు అద్దెకు వచ్చి తర్వాత చందాదారులకు వస్తాయి. ఆర్‌ఆర్‌ఆర్‌ను కూడా మొదట చందాదారుల దగ్గర అదనపు రుసుము తీసుకుని చూపించాలని జీ5 అనుకుని, జనం గట్టిగా వ్యతిరేకించడంతో ఆ ఆలోచన మానుకుని చందాదారులందరికీ చూపించింది. ప్రేక్షకుల అసంతృప్తి ఎవరికీ వినపడదనుకునేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అందరూ కలిసి, ఒకే సమయంలో, ఒకే విషయం మీద అడిగితే వింటారు.

పాస్‌వర్డ్ పంచుకోవడం మీద ఆంక్ష మన కుటుంబాల తీరుకు సూటిగా తగిలింది. పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అన్న అర్థంలో 2017లో ప్రచారం చేసుకున్న నెట్‌ఫ్లిక్సే 2023 జులైలో మన దేశంలో ఒక ఖాతా ఒక ఇంటికే అని నియమం పెట్టింది. ఇల్లంటే ఒక ఇంటర్నెట్ కనెక్షన్ అని వాళ్ల లెక్క. మన లెక్కలో కుటుంబమంటే అమ్మానాన్నలు నరసరావుపేటలో, పెద్దమ్మాయి మియాపూర్‌లో, చిన్నవాడు వరంగల్ హాస్టల్‌లో ఉన్నా ఒకటే కుటుంబం, జీతం వచ్చే ఒక్కరు అందరి కోసం కడతారు. నలుగురు ఒకేసారి చూసే ప్లాన్‌కు ఎక్కువ డబ్బు తీసుకుని, ఆ నలుగురూ ఒకే కప్పు కింద ఉండాలనడం చాలామందికి నచ్చలేదు. అసలు సంబంధం లేని పదిమంది స్నేహితులు పంచుకోవడాన్ని ఆపడం వేరు, హాస్టల్‌లో ఉన్న సొంత పిల్లవాణ్ణి ఆపడం వేరు. ఆ తేడాను గుర్తించే ఏర్పాటు చేసి ఉండవలసింది.

నాణ్యత గురించి నా వృత్తిరీత్యా రోజూ వినే ఫిర్యాదు ఒకటుంది: "మీ నెట్ బాగాలేదు, బొమ్మ మసకగా ఉంది." వెళ్లి చూస్తే కనెక్షన్‌లో 100 ఎంబీపీఎస్ వేగం వస్తూ ఉంటుంది. అతి స్పష్టమైన 4కే చిత్రానికి 15 ఎంబీపీఎస్ సరిపోతుంది, ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. మసకకు కారణం రెండింటిలో ఒకటై ఉంటుంది. ఒకటి, ప్లానే తక్కువ నాణ్యతది. నెట్‌ఫ్లిక్స్ 199 ప్లాన్ 720పీ దగ్గర ఆగుతుంది, 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ కావాలంటే 499, 4కే కావాలంటే 649. రెండు, తక్కువ ధరకు కొన్న ఆండ్రాయిడ్ బాక్సులోనో ఫోనులోనో వైడ్‌వైన్ ఎల్1 ధ్రువీకరణ (సినిమాను కాపీ చేయనివ్వని రక్షణ ఆ పరికరంలో ఉందన్న గుర్తింపు) లేకపోవడం; అది లేని పరికరంలో ఎంత ఖరీదైన ప్లాన్ ఉన్నా చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. ఈ సంగతి డబ్బు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పరు. కట్టిన తర్వాత తెలిస్తే మనిషికి మోసపోయినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

భాష విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బందిని ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు కనుక కొంచెం నొక్కి చెబుతాను. చాలా తెలుగు సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి, తెలుగు సబ్‌టైటిల్స్ ఉండవు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు మన రాష్ట్రాల్లో లక్షల మంది ఉంటారు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు, తెలుగు చక్కగా చదువుతారు. నేపథ్య సంగీతం కింద మాట నలిగిపోయినప్పుడు వాళ్లు పక్కనున్నవాళ్లను ఏమన్నాడని అడుగుతూ కూర్చుంటారు, రెండుమూడు సార్లు అడిగాక మానేస్తారు. సహాయం అడిగే తెర చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు ప్రేక్షకుడు మాకు పెద్ద మార్కెట్ అని చెప్పుకునే సంస్థలకు తెలుగు అక్షరాలు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

చందా రద్దు చేసుకోవడం గురించి చెప్పేటప్పుడు నా పాత్ర కూడా చెప్పాలి. నేను పనిచేసిన సంస్థలో ప్రతి సోమవారం ఒక పట్టిక చూసేవాళ్లం: కొత్తగా చేరినవాళ్లు, మానేసినవాళ్లు, మానేయబోయి ఆగిపోయినవాళ్లు. ఒక సినిమా కోసం చేరి, చూసేసి నెల తిరగ్గానే వెళ్లిపోవడాన్ని ఈ రంగంలో చర్న్ అంటారు, ఓటీటీ సంస్థల నిద్ర చెడగొట్టేది అదే. అందుకని మూడో వరుసలో అంకె పెరిగితే మెచ్చుకోలు దక్కేది. రద్దు అని నొక్కినవాడికి ముందు ఎందుకు మానేస్తున్నారన్న ప్రశ్న, తర్వాత సగం ధరకు మూడు నెలలు అన్న ఆఫర్, ఆ తర్వాత మీరు చూడలేకపోయే సినిమాల బొమ్మలు, చివర్లో కొనసాగిస్తాను అని పెద్ద రంగు మీట, దాని కింద బూడిద రంగు చిన్న అక్షరాల్లో రద్దు. ఆ తెరలు నిర్ణయించిన గదిలో నేనూ కూర్చున్నాను, అప్పుడు నేను అడ్డు చెప్పలేదు. ఈ రోజు అదే తెర ముందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కళ్లజోడు సవరించుకుంటూ ఆ బూడిద రంగు అక్షరాలు వెతుక్కోవడం చూసినప్పుడు, అప్పుడు మాట్లాడవలసిందని బాధపడుతున్నాను.

ఇప్పుడు దీనికి చట్టం కొంత అండగా ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించేలా తెరలు తయారుచేసే పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడం సులువు చేసి మానేయడం కష్టం చేసే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అందులో ఒకటి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2021 అక్టోబరు నుంచి ఆటోపేలో, అంటే గడువు తీరగానే ఖాతా నుంచి దానంతటదే డబ్బు వెళ్లే పద్ధతిలో డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం పంపాలి. ఆ సందేశం వస్తుంది, కాని రోజుకు ముప్ఫై సందేశాల మధ్య ఇంగ్లీషులో వస్తుంది కనుక ఎవరూ చదవరు. అమెరికాలో ప్రైమ్ సభ్యత్వంలోకి జనాన్ని చేర్చిన తీరు, రద్దుకు పెట్టిన అడ్డంకుల మీద అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది, అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి కేటాయించింది. కేబుల్‌కు, ఓటీటీకి ఉన్న పెద్ద తేడా కూడా ఇక్కడే ఉంది. 2019లో టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నియమాలు తెచ్చినప్పుడు మొదటి వంద చానళ్లకు 130 రూపాయలు, పన్ను అదనం అని పరిమితి పెట్టింది, ప్రతి పే చానల్ విడి ధర ప్రకటించాలంది. ఆ నియమాల వల్ల కేబుల్‌వాళ్లకు తలనొప్పులు వచ్చినా, అడిగేవాడికి చూపించడానికి ఒక ధరల పట్టిక ఉండేది. ఓటీటీల విషయంలో 2021 ఐటీ నియమాలు వయసు వర్గీకరణ, కంటెంట్ మీద ఫిర్యాదుల వంటివి చూసుకుంటాయి గాని, చందా ధర మీద ట్రాయ్ లాంటి నియంత్రణ లేదు. గడువు మధ్యలో షరతులు మార్చకూడదన్న ఒక్క నియమం వచ్చినా సగం ఫిర్యాదులు తగ్గిపోతాయి.

పైరసీ గురించి కూడా మాట్లాడకుండా ఉండలేను. 2025 నవంబరులో, సినిమాలను దొంగతనంగా ఉచితంగా చూపించే ఐబొమ్మ సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్ సైబర్ క్రైం పోలీసులు అరెస్టు చేసినప్పుడు, సామాజిక మాధ్యమాల్లో అతనికి మద్దతుగా మాట్లాడినవాళ్లు తక్కువమందేమీ కాదు. నేను ఆ మద్దతును సమర్థించను. సినిమా తీయడానికి పనిచేసిన లైట్‌మ్యాన్ నుంచి ఎడిటర్ దాకా అందరి కూలీ అందులో ఉంది, పైగా అలాంటి సైట్లు మన ఫోన్లలోకి ఏమేమి పంపిస్తాయో ఈ పనిలో ఉన్నవాణ్ణిగా నాకు తెలుసు. అయినా ఆ మద్దతు ఎందుకు వచ్చిందో ఓటీటీ సంస్థలు ఆలోచించాలి. అక్కడ ఒకే చోట, ఒకే వెతుకులాటతో సినిమా దొరుకుతోందన్నదే జనం చెప్పిన కారణాల్లో ప్రధానమైనది. డబ్బు కట్టే స్తోమత ఉండి, కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా ఆ మాట అన్నారు.

ఇక మీ ఇంటికి వస్తాను. మీ నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఆయనకు కావలసింది నొక్కగానే వచ్చే వార్తలు, సీరియల్, రాత్రి ఒక పాత సినిమా అయితే, కేబుల్ గాని డీటీహెచ్ గాని ఆయనకు సరైనదే, దానితోపాటు ఆహా, ఈటీవీ విన్ లాంటి తెలుగు సేవ ఒకటి చాలు. మిగతావాటిని ఏడాది ప్లాన్‌లో తీసుకోకండి. ఏడాది చందా చౌకగా కనిపిస్తుంది కాని, మధ్యలో షరతులు మారితే బయటికి రాలేరు. చూడదలచుకున్నవి రెండు మూడు పోగయ్యాక ఒక యాప్‌కు ఒక నెల కట్టి, చూసేసి, ఆపి, మరుసటి నెల ఇంకో యాప్‌కు వెళ్లండి. మొబైల్ రీఛార్జ్‌లోనో, ఫైబర్ ప్లాన్‌లోనో ఇప్పటికే ఉచితంగా వస్తున్న యాప్‌కు మీరు విడిగా కూడా కడుతున్నారేమో చూసుకోండి. నేను వెళ్లిన ఇళ్లలో ఇలా రెండుసార్లు కడుతున్నవాళ్లు తరచుగా కనిపిస్తారు. కొనేముందు ఆ ప్లాన్ టీవీలో ఆడుతుందా, ఏ నాణ్యత ఇస్తుంది, ప్రకటనలు ఉంటాయా అన్న మూడు విషయాలు చదవండి. యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యూపీఐతో కడుతుంటే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న విభాగానికి వెళ్లి అక్కడ ఆ మాండేట్‌ను, అంటే డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని రద్దు చేయాలి. అప్పటికీ డబ్బు పోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, సంస్థకు ముందు మెయిల్ రాసి దాని నకలు దగ్గర పెట్టుకోండి.

ఓటీపీ వచ్చే నంబరు మీ నాన్నగారి ఫోనుదే ఉండేలా కనీసం ఒక యాప్‌లో మార్చండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఆయన ఆగిపోకూడదు. ఈ ఆదివారం ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఐదు యాప్‌లలోనూ చూసినవాటి జాబితా తెరిచి, గడచిన మూడు నెలల్లో మీ ఇంట్లో ఎవరు ఏం చూశారో చూడండి. జాబితా ఖాళీగా ఉన్న యాప్ ఆటోపేను అక్కడికక్కడే రద్దు చేయండి. కట్టిన గడువు తీరేదాకా అది ఎలాగూ పనిచేస్తుంది.